చిట్టి గబ్బిలము – పేరును, ప్రకృతియు

తెలుగుభాషలో గబ్బిలము అను మాట యొక్కటియే; ఆ మాటకు లోబడిన ప్రాణులు మాత్రము పెక్కు. ఊరి చివరి మఱ్ఱిచెట్టున పగలెల్ల గుంపులుగ వ్రేలాడి, రాత్రివేళ మామిడితోపులపై వ్రాలునట్టి, గజమునకు మించిన రెక్కల విరివి గల ప్రాణి గబ్బిలము. పాడుబడిన మండపముల చీకటి మూలలందు నివసించి బల్లులను, చిట్టెలుకలను సైతము పట్టి తినునది గబ్బిలము. ఇంటి చూరునందు రెండు పెంకుల సందున దాగి, మునిమాపువేళ వెలువడి, దోమలను, సన్నని రెక్కల పురుగులను గాలిలోనే పట్టి తినునట్టి బొటనవ్రేలంత ప్రాణియు గబ్బిలమే. ఆహారమునందును, పరిమాణమునందును, నివాసమునందును ఇంత భేదము గల ప్రాణులకు ఒకే పేరు చెల్లుచుండుట కేవలము నిఘంటు విషయము కాదు. ఒకదాని దోషము మఱియొకదానికి అంటుటకు ఈ పేరే కారణమగుచున్నది. ఈ వ్యాసమున ఆ మూడవ ప్రాణిని, అనగా కీటకాహారియగు మిక్కిలి చిన్న గబ్బిలమును గూర్చి, దాని పేరును దాని ప్రకృతిని జతపఱచి వివరింప నుద్దేశించినాను.

వివరణమునకు ఒక ప్రదేశము ఆధారముగ నుండుట మంచిది. కృష్ణాజిల్లా మెట్టసీమగా చిరకాలము ప్రసిద్ధములైన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములను ఇందులకై గ్రహించితిని. ఇవి 2022వ సంవత్సరమున ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. దక్షిణమున కృష్ణానది, నందిగామ చెంత మునియేరు, జగ్గయ్యపేట వైపున పాలేరు ప్రవహించు ఈ సీమలో సున్నపురాతి నేలలు, నల్లరేగడి చేలు, పొలముగట్ల వెంట తాటిచెట్లు కలవు. ప్రత్తి, మిరప, కంది, పెసర మెట్టపైరులు; నాగార్జునసాగరు ఎడమ కాలువ వచ్చిన పిమ్మట వరిసాగు విరివియైనది. తాటిచెట్టు, పాత పెంకుటిల్లు, నీటి కాలువ, పురుగుపట్టు పైరు – ఈ నాలుగును కలసిన చోట చిట్టి గబ్బిలమునకు కావలసినదంతయు కలదు. కావున ఈ ప్రాణి కథ ఈ సీమకు పరాయిది కాదు.

మొదట పేర్లను పరిశీలింతము. అమరకోశము సింహాదివర్గమున గబ్బిలమునకు జతుక, అజినపత్ర అను రెండు పేర్లు చెప్పబడినవి. అజినము అనగా తోలు. పత్రము అనగా రెక్క. తోలు రెక్కగా గలది అజినపత్ర. ఈ పేరు పెట్టినవారు ప్రాణిని చక్కగ చూచి పెట్టిరనుటకు సందేహము లేదు. ఈ పేర్లు ఉన్న స్థానము కూడ గమనింపదగినది. హంస, సారసముల ఆడుపక్షుల పేర్లు ముగిసిన పిమ్మట, ఈగల, తేనెటీగల పేర్లు రాకముందు గబ్బిలము వచ్చినది. పక్షులకును కీటకములకును నడుమ దానిని నిలిపినారన్నమాట. ఏ వర్గమునను సరిగా ఇముడని ప్రాణియని ప్రాచీనులకును తోచియుండును.

పాశ్చాత్యులకును ఇట్టి చిక్కే కలిగినది. స్వీడనుదేశపు లిన్నేయసు 1758లో ప్రకటించిన వర్గీకరణమున గబ్బిలములను కోతులు, మనుష్యులు చేరిన వర్గమున ఉంచెను. పాలిచ్చు స్తనములు రెండు ఱొమ్మున నుండుట ఆ వర్గమునకు అతడు గ్రహించిన లక్షణములలో నొకటి. 1779లో జర్మనీదేశపు బ్లూమెన్‌బాఖ్ వీనికి కైరోప్టెరా అను ప్రత్యేక వర్గమును కల్పించెను. గ్రీకుభాషలో దాని యర్థము చేతిరెక్కలు కలవి యని. మన అజినపత్రశబ్దము రెక్క దేనితో నైనదో చెప్పగా, గ్రీకుపదము రెక్క ఏ యవయవము మాఱి యైనదో చెప్పుచున్నది. రెండును సత్యములే.

తెలుగున గబ్బిలము, గబ్బిలాయి అను రూపములు, చీకురాయి అను పర్యాయపదము నిఘంటువులకు ఎక్కినవి. చీకురాయి చీకటి యను మాటను తలపించును. ఇటలీభాషలో గబ్బిలమును పిపిస్ట్రెల్లో అందురు. అది సాయంకాలవాచకమగు లాటిన్ శబ్దమునుండి పుట్టిన వెస్పెర్టీలియో అను మాటకు వికారము. ప్రాణిని అది కనబడు వేళనుబట్టి పిలుచుట మానవులకు సహజమని దీనివలన తెలియును. అయితే తెలుగు నిఘంటువులు ఈ పదముల నన్నిటిని సమానార్థకములుగ చూపి విడిచినవి. పండు తినునదేదో, పురుగు తినునదేదో వానివలన తెలియరాదు.

పొరుగు ద్రావిడభాషలను చూడగా ఈ లోపము అనివార్యమైనది కాదని స్పష్టమగును. మలయాళమున పెద్దదియు పండ్లు తినునదియు అగు గబ్బిలమునకు వవ్వాల్ అను పేరు, చిన్నదియు పురుగులు తినునదియు అగు దానికి నరిచ్చీరు అను పేరు వాడుకలో నున్నవి. తమిళమున వౌవాల్ అను సాధారణపదముతోపాటు ఒక జాతి గబ్బిలమునకు తురింజిల్ అను వేఱుపదము కలదు. ఇట్టి భేదము మన పల్లెలలో నోటిమాటగ నిలిచియుండి నిఘంటువులకు ఎక్కకపోయినదా, లేక మన వ్యవహారమునందే లేదా యను ప్రశ్న పరిశోధక విద్యార్థులు పూనుకొనదగినది. ఈ వ్యాసమున సౌకర్యమునకై ఈ చిన్న ప్రాణిని చిట్టి గబ్బిలమని వ్యవహరింతును.

శాస్త్రజ్ఞుల వ్యవహారమున దీని పేరు పిపిస్ట్రెల్లస్ టెన్యుయిస్. టెన్యుయిస్ అనగా సన్ననిది. 1840లో టెమ్మింక్ అను హాలెండుదేశీయుడు సుమత్రాద్వీపపు ప్రాణినిబట్టి ఈ పేరుంచెను. భారతదేశమున నున్న రూపమును 1899లో రాటన్ అను నాతడు సూరతు సమీపమునందలి డాంగు అడవుల నమూనానుబట్టి మైమస్ అను పేరుతో వర్ణించెను. చాలకాలము ఈ రెండును వేఱు జాతులుగ పరిగణింపబడి, పిమ్మట మైమస్ టెన్యుయిస్ యొక్క ఉపజాతిగ చేర్చబడినది. దీనికి మిక్కిలి సన్నిహితమైన మఱియొక జాతికి 1838లో గ్రే పెట్టిన పేరు కోరమాండ్రా. అది మన తూర్పుతీరమునకు ఐరోపీయులు వాడిన కోరమాండల్ నామమునుండి, అనగా చోళమండలశబ్దమునుండి వచ్చినది. శాస్త్రనామములు సైతము స్థిరములు కావనియు, పరిశీలన పెరిగినకొలది సవరింపబడుచుండు ననియు ఇందువలన గ్రహింపవలెను. మన నిఘంటువులను సవరించుట తప్పు కానేరదు.

ఇక ప్రాణి శరీరము. చిట్టి గబ్బిలము బరువు సాధారణముగ 2 మొదలు 4 గ్రాములు. నేటి రూపాయి బిళ్ళ బరువునకు ఇంచుమించు సరి. తల, మొండెము కలిపి నాలుగు సెంటీమీటర్ల ప్రాంతము. ముంజేయి పొడవు మూడు సెంటీమీటర్లకు మించదు. ఫలాహారియగు పెద్ద గబ్బిలము దీనికి రెండు మూడు వందల రెట్లు బరువుండును. భారతదేశపు గబ్బిలములలో మిక్కిలి చిన్నవానిలో ఇదియొకటి. ఒంటిపై మెత్తని గోధుమవన్నె నూగు, పొట్టవైపున కొంత లేతవన్నె, నల్లని రెక్కలు, చిన్న కన్నులు, పొట్టిచెవులు దీని లక్షణములు. చెవిరంధ్రమునకు ముందు నిలువుగ నొక చిన్న తమ్మె యుండును. నోట 34 సూదిమొనల పండ్లు కలవు. కీటకముల గట్టిపెంకును నమలుటకు అవి తగినవి. పండ్ల రసమును పీల్చుటకు వలసిన నిర్మాణము ఆ నోట లేదు. తోటలో జామపండును కొఱికినది చిట్టి గబ్బిలము కాదనుటకు దాని నోరే సాక్ష్యము.

దాని రెక్క మన చేయి వంటిదే. భుజము, మోచేయి, మణికట్టు, అయిదు వ్రేళ్ళు అందున్నవి. బొటనవ్రేలు మాత్రము పొట్టిదై గోరుతో విడిగ నుండి ప్రాకుటకు ఉపకరించును. తక్కిన నాలుగు వ్రేళ్ళును గొడుగు కమ్ములవలె సాగి, వాని నడుమ పలుచని తోలు పఱచుకొనియుండును. ఆ తోలు పార్శ్వములనుండి కాళ్ళవఱకును, కాళ్ళనడుమ తోకవఱకును వ్యాపించును. ఎగురుచు పురుగును రెక్కతో తట్టి, తోకవద్ది తోలును సంచివలె మడచి అందులోనికి త్రోసి, తల వంచి నోట అందుకొనుట దీని జాతివారి నేర్పు. పక్షికి ఈకల రెక్క యొక తెఱచాప; గబ్బిలమునకు రెక్క పట్టుకొను చేయి కూడ.

పగటివేళ దీనికి కావలసినది ఇఱుకైన సందు. మహాదేవాలయముల చీకటి కోణములును, గుహలును దీనికి ముఖ్యములు కావు. అవి ఎక్కువగ ఇతరజాతులకు నెలవులు. చిట్టి గబ్బిలము పెంకుల అడుగున, వాసమునకును గోడకును నడుమ, తాటాకు కప్పు పొరలలో, గోడపగుళ్ళలో, చెట్టుబెరడు క్రింద, అంగళ్ళ పేరుపలకల వెనుక నివసించును. తాటిచెట్టు తలక్రింద ఎండి వ్రేలాడు కమ్మల మడతలును ఇట్టి గబ్బిలములకు ఇండ్లే. కొలది ప్రాణులు ఒకచోట కూడియుండును, పెద్దగుంపు అరుదు. దాని యునికిని తెలిసికొనుటకు ఒక సులభమైన గుర్తు కలదు. చూరుక్రింద గోడమీదను నేలమీదను పడిన రెట్ట ఎలుకపెంటికవలె కనబడును. కాని ఎలుకపెంటిక ఎండి గట్టిపడును, గబ్బిలపు రెట్ట పుల్లతో నొక్కినంతనే పొడియై అందు కీటకముల రెక్కలపొట్టు తళతళలాడును. ఆ తళుకే దాని ఆహారమునకు లిఖితసాక్ష్యము.

ప్రొద్దు క్రుంకిన కొలదిసేపటికే, ఇంకను ఆకాశమున వెలుగుండగనే, చిట్టి గబ్బిలము బయటికి వచ్చును. మదురైలో ఈ జాతినే పరిశీలించిన ఐజక్, మారిముత్తు అను పరిశోధకులు ఇది పెందలకడనే వెడలి, తెల్లవాఱుజామున ఆలస్యముగ తిరిగి వచ్చునని 1993లో ప్రకటించిరి. వెలుగున ఎగురుట డేగలకు చిక్కు అపాయముతో కూడిన పని. అయినను సన్నని కీటకములు ముసురుకొనునది ఆ సంధ్యాసమయములందే. చిన్న శరీరము వేడిని త్వరగ కోలుపోవును. కావున బరువుతో పోల్చినచో దానికి ఎక్కువ ఆహారము కావలెను. ఆకలికిని అపాయమునకును నడుమ అది కుదుర్చుకొన్న వేళ అసురసంధ్య. మనవారు ఆ వేళ దానిని చూచి అశుభముగ తలంచిరి. దానికి మాత్రము అది భోజనకాలము.

చీకటిలో ఇంత చిన్న పురుగును అది యెట్లు పట్టుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు నూటయేబది యేండ్లకు దగ్గఱగ పట్టినది. ఇటలీదేశపు స్పల్లాంజాని 1793లో చూపులేని గబ్బిలములు కూడ అడ్డములను తప్పించుకొని ఎగురునని కనుగొనెను. మఱుసటి సంవత్సరము జెనీవా నగరమున జ్యూరీన్ వాని చెవులను మూసినచో అవి దారి తప్పునని నిరూపించెను. కాని చెవితో చూచుట యను మాట నాటి పండితులకు నవ్వులాటగ తోచినది. రెక్కల స్పర్శజ్ఞానమే కారణమని ప్రసిద్ధుడైన క్యూవియే చెప్పగా లోకము దానినే నమ్మెను. 1938లో అమెరికాలో విద్యార్థిగనున్న గ్రిఫిన్, పియర్స్ అను భౌతికశాస్త్రజ్ఞుని యంత్రముతో గబ్బిలములు మనకు వినబడని ధ్వనులను చేయుచున్నవని కనిపెట్టెను. పిమ్మట గాలంబాస్‌తో కలసి 1941 నాటికి ఆ ధ్వనుల ప్రతిధ్వనులే దానికి దారిచూపునని స్థాపించెను. పేరుగల పండితుని మాటకంటె చేసి చూచిన పరీక్ష గొప్పదనుటకు ఇది చక్కని నిదర్శనము.

మానవుని చెవి సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. చిట్టి గబ్బిలము అంతకు రెండురెట్లకు మించిన కంపనముల ధ్వనిని వెలువరించును. ఊరకే తిరుగునపుడు ఈ జాతి గబ్బిలముల కూతలు సెకనుకు సుమారు పది. పురుగు జాడ తగిలినంతనే కూతలు వడివడిగ కూడి, పట్టుకొను క్షణమున సెకనుకు నూటికి మించును. పురుగునుండి తిరిగివచ్చు ప్రతిధ్వనివలన దాని దూరము, దిక్కు, కదలిక గబ్బిలమునకు తెలియును. మనకు నిశ్శబ్దముగ తోచు ఆకాశము దాని కూతలతో నిండియున్నది. వినబడనిది లేదనుకొనుట మన చెవి చేయు పొరపాటు.

ఆహారవిషయము వ్యవసాయదారునకు ముఖ్యము. చిట్టి గబ్బిలము దోమలను, సన్న ఈగలను, చిన్న పెంకుపురుగులను, చిన్న రెక్కల పురుగులను, తొలకరివానకు లేచు ఉసిళ్ళను తినును. కీటకాహారియగు చిన్న గబ్బిలము ఒక రాత్రి తన బరువులో మూడవవంతునో అంతకు మించియో తినును; పాలిచ్చు తల్లి ఇంకను ఎక్కువ తినును. ఈ మెట్టసీమ పైరులకు చేటుచేయు పురుగులలో పెక్కు రాత్రివేళ రెక్కల పురుగు రూపమున ఎగురునవే. ప్రత్తికాయను తొలుచు గులాబీరంగు పురుగు, మిరపను ప్రత్తిని తిను శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగు అట్టివి. వీనిలో పెద్దవానిని పెద్ద కీటకాహారి గబ్బిలములు పట్టగలవు. చిట్టి గబ్బిలము నోటికి చిన్నవి తగును. జాతికొక మేర చొప్పున కీటకాహారులు రాత్రి యాకాశమును పంచుకొనినవి.

ఈ మేలును లెక్కించు యత్నములు ఇతరదేశములందు జరిగినవి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కీటకాహారి గబ్బిలములవలన వ్యవసాయమునకు కలుగు లాభము ఏటేట 370 కోట్ల డాలర్లకు తక్కువ కాదని 2011లో ప్రకటితమైన అంచనా. థాయిలాండుదేశమున ఒక జాతి గబ్బిలము వరిని పాడుచేయు తెల్లవీపు దోమను తినుటవలన ఏటికి సుమారు 2,900 టన్నుల ధాన్యము దక్కుచున్నదని 2014లో లెక్కించిరి. ఆ జాతి వేఱు, ఆ దేశము వేఱు; ఆ యంకెలను మన పొలములకు నేరుగ వర్తింపజేయరాదు. కాని దోమపోటు అను మాట తెలిసిన రైతునకు ఆ పరిశోధన సారము బోధపడును. పురుగుమందు మితిమీఱినచోట పురుగుతోపాటు పురుగును తినునదియు తగ్గును. అపుడు మఱల మందే శరణ్యమగును.

దీని సంతానక్రమమును తెలియదగినది. పెక్కు గబ్బిలములు ఏడాదికి ఒక్కపిల్లనే కనును. చిట్టి గబ్బిలము కాన్పునకు తఱచుగ కవలలను కనును. ఒక్క ఋతువునకే పరిమితము గాక ఏడాదిలో వేఱువేఱు కాలములందు ఈనును. పుట్టిన పిల్లకు వెండ్రుకలుండవు, కన్నులు తెఱచియుండవు. తల్లి పాలపైననే కొన్ని వారములు బ్రదుకును. కావున చూరును విప్పి కప్పు మార్చువేళ ఆ సందులలో ఎగురలేని పిల్లలుండుట సంభవము. పెద్దవి ఎగిరిపోగా పిల్లలు నేల రాలి చచ్చును. దీనిని ఎఱిగిన గృహస్థుడు కప్పు విప్పుటకు ముందు కొన్ని సాయంకాలములు చూరును కనిపెట్టి, లోపల పిల్లలు లేనివేళ చూచి, పెద్దవి వెలువడిన పిమ్మట సందులను మూసినచో ప్రాణిహాని కలుగదు.

సాహిత్యమున గబ్బిలమునకు మహోన్నతస్థానము కల్పించినవాడు గుఱ్ఱం జాషువ. 1941లో వెలువడిన ఆయన గబ్బిలము కావ్యమున, దేవాలయప్రవేశమునకు నోచుకొనని దళితుడు తన వేదనను కాశీలోని శివునకు విన్నవించుటకు గబ్బిలమును దూతగ పంపును. మేఘసందేశమున యక్షుడు మేఘమును పంపిన తీరును ఇది తలపించును. హంస, చిలుకలను విడిచి కవి గబ్బిలమును ఏల ఎన్నుకొనెను? లోకము అశుభమని చూచు ప్రాణికి ఆలయమున అడ్డు లేదు, మనుష్యునకు అడ్డు కలదు. ఆ వైపరీత్యమే కావ్యమునకు ప్రాణము. ప్రకృతిశాస్త్రము ఈ కల్పనకు బలము చేకూర్చుచున్నది. పేదవాని తాటాకు కప్పునను, గుడిగోడ పగులునను ఒకేరీతి నివసింపగల ప్రాణి ఇదియొక్కటియే కాకపోయినను, ఇట్టివి కొలదియే. కావ్యమును బోధించు అధ్యాపకుడు ఈ ప్రాణి జీవితమును నాలుగు మాటలలో చెప్పినచో విద్యార్థికి కవి ఎన్నిక యందలి ఔచిత్యము మఱింత స్ఫుటమగును.

ఇక అసలు చిక్కునకు వత్తము. 2018లో కేరళరాష్ట్రమున నిపా వ్యాధి వచ్చినది. దాని వైరసునకు సహజనిలయము పెద్ద ఫలాహారి గబ్బిలము. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడును గబ్బిలముల పేరు పత్రికలకు ఎక్కినది. రెండు సందర్భములందును తెలుగువార్తలలో వాడబడిన మాట గబ్బిలమే. ఆ మాట విన్న గృహస్థునకు చూరులోని ప్రాణి జ్ఞాపకమునకు వచ్చుట సహజము. చట్టమునందు సైతము ఈ భేదము అవసరమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అయిదవ అనుబంధమున కాకి, ఎలుకలతోపాటు హానికర ప్రాణులుగ పేర్కొన్నది ఫలాహారి గబ్బిలములను మాత్రమే, కీటకాహారులను కాదు. 2022 నాటి సవరణతో ఆ యనుబంధమే తొలగిపోయినది. విశేషణమును విడిచి గబ్బిలములు హానికరములని తెలుగున వ్రాసినచో చట్టము చెప్పనిది చెప్పినట్లగును. ఒక్క విశేషణము లోపించినంత మాత్రమున నిరపరాధికి శిక్ష పడును.

ఇట్లనుటవలన ఫలాహారి గబ్బిలము దుష్టమని నా యభిప్రాయము కాదు. అది రావి, మఱ్ఱి మొదలగువాని విత్తనములను వెదజల్లును. బూరుగు, ఇప్ప మొదలగు చెట్ల పూవులకు పరాగమును చేర్చును. దాని మంచిచెడ్డలు దానివి, దీని మంచిచెడ్డలు దీనివి. ఏ గబ్బిలమునైనను వట్టిచేతులతో పట్టుకొనరాదనుట మాత్రము అన్నిటికి సమానమైన నియమము. భయపడిన ప్రాణి కఱచును, కాటువలన రోగము సోకవచ్చును. తాకక చూచుటయే ఉభయులకు క్షేమము.

దీని నివాసములు మాఱుచున్నవి. తాటాకు ఇండ్లు పోయి, పెంకుటిండ్లు తగ్గి, సిమెంటు మిద్దెలు వచ్చినవి. ఇది మనుష్యులకు మేలే. ఎండకు, వానకు, అగ్నిభయమునకు గుఱియైన పూరింట ఎవరును ఉండవలెనని కోరరాదు. చిట్టి గబ్బిలమును కొంతవఱకు ఈ మార్పునకు అలవడి పేరుపలకల వెనుక, మిద్దెల పగుళ్ళలో చేరుచున్నది. కాని పొలముగట్ల తాటిచెట్లను కొట్టివేయుట, ఉన్నవాని ఎండుకమ్మలకు నిప్పుపెట్టుట మానదగిన పనులు. గట్టున నాలుగు తాళ్ళు నిలుచుటవలన రైతునకు పోవునది స్వల్పము.

తెలుగుశాఖల విద్యార్థులకు ఇందు చేయదగిన పని కలదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయపదములను రైతుల నోటనుండియే సేకరించు మార్గమును చూపినది. అదే మార్గమున ప్రాణినామములను సేకరింపవచ్చును. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు పల్లెలలో కల్లుగీత పనివారు తాటిచెట్ల తలలను నిత్యము చూచువారు; ఇంటికప్పు నేయువారు చూరుల సందులను ఎఱుగుదురు; రాత్రి నీరు కట్టు రైతులు పొలముపై ఎగురువానిని చూచువారు. వారిని అడుగునపుడు పేరును మనమే అందింపరాదు. ప్రాణి పరిమాణమును, అది ఉన్న చోటును, కనబడు వేళను చెప్పి, మీరు దీనిని ఏమందురని అడుగవలెను. ఊరు, వృత్తి, వయస్సు వ్రాసికొనవలెను. విన్న నమ్మకమును ఒకచోటను, కన్న విషయమును వేఱొకచోటను వ్రాయవలెను. చిన్నదానికి వేఱుపేరు దొరికినచో అది భాషకు లాభము. దొరకనిచో ఆ సంగతి సైతము నమోదు చేయదగినదే.

నిఘంటువున ఈ ప్రాణికి చేర్చదగిన అర్థవివరణమును ఈ క్రింది విధముగ ప్రతిపాదించుచున్నాను. చిట్టి గబ్బిలము: నామవాచకము. గబ్బిలములలో మిక్కిలి చిన్న జాతి. తోలురెక్కలు కలిగి, పాలిచ్చి పిల్లలను పెంచును. ఇంటి చూరులందును, తాటికమ్మల మడతలందును పగలు దాగి, సంధ్యవేళ వెలువడి ప్రతిధ్వనులవలన దారి తెలిసికొనుచు ఎగురు కీటకములను తినును. పండ్లు తినదు. పైరులకు మేలుచేయునది. ఇందు పండ్లు తినదు అను రెండు మాటలు నిఘంటువునకు అధికముగ తోచవచ్చును. కాని ఆ రెండు మాటలు లేకపోవుటవలననే ఈ ప్రాణి ఇంతకాలము పరుల తప్పునకు దండనము అనుభవించుచున్నది.